గోరువెచ్చని నెత్తురు

రెబెకాకు ఆస్పత్రి అంటే భయం పోయి చాలా కాలమైంది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? ఇరవై రోజులకోసారి సుల్తానాబాద్‌లో బస్సెక్కి, కరీంనగర్‌లో దిగి, తలసేమియా వార్డులో ఏడేళ్ల కూతురు మహిమకు రక్తం ఎక్కించుకుని, పొద్దుగూకేలోపు ఇంటికి చేరడం ఆమెకు సంతకు పోయొచ్చినంత అలవాటు. ఆ పిల్ల ఒంట్లో పుట్టిన రక్తం నిలవదు. ఎవరో ఒకరు ఇస్తేనే బతుకు.

ఎండాకాలం ఇచ్చేవాళ్లు దొరకరు. ఈసారి హిమోగ్లోబిన్ నాలుగుకు పడిపోయింది. పిల్ల పెదవులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. ఇక ప్రార్థనే దిక్కు అనుకుంటుండగా నర్సు మంజుల రక్తం సంచి పట్టుకొచ్చింది.

"నీ బిడ్డ నసీబు మంచిగున్నదక్కా. పోయిన ఎండకాలం ఇచ్చిన సిరిసిల్ల సిద్దిరాములన్న లేడా, నిన్న మల్ల వచ్చి ఇచ్చి పోయిండు."

సిద్దిరాములు మరమగ్గాల కార్మికుడు. ఆ సాంచాల మోతలో బతికీ బతికీ, ఎదురుగా ఉన్న మనిషితో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. రెబెకాను నోరారా 'చెల్లె' అనేవాడు. ఆమెకు కళ్లు చెమర్చాయి. సంచి మీద చెయ్యి పెట్టి ప్రార్థించబోయి, చటుక్కున తీసేసింది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సంచి గోరువెచ్చగా ఉంది.

ఎండ వేడి కాబోలనుకుంది. సూది గుచ్చారు. మహిమ కళ్లు మూసుకుంది. చుక్క చుక్కగా దిగుతుంటే, మంచి మనిషికి ఒక్క మాట చెబుదామని, పోయినసారి ఆయనిచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. ఆయన భార్య శంకరవ్వ ఎత్తింది.

"ఎవలమ్మా? ఆయన పోయి పదకొండు దినాలాయె..."

వార్డులో ఫ్యాన్ ఆగింది. పట్టపగలు... ఎక్కడినుంచో గంజి వాసన. తడి నూలు వాసన. మహిమ కళ్లు తెరిచింది. దుప్పటి అంచున తెగిన పోగును ఆ చిన్న వేళ్లు చూడకుండానే పట్టుకుని, చకచకా ముడేశాయి.

"జర గట్టిగ చెప్పు, చెల్లె! ఇనవడ్తలేదు!"

గొంతు మహిమదే. అరుపు పిల్లది కాదు.

భయమేస్తే వాళ్లింట్లో అందరూ అనే మాటే రెబెకా నోటికొచ్చింది.

"యేసు రక్తమే జయం... యేసు రక్తమే జయం..."

పిల్ల మెల్లగా తల తిప్పింది.

"ఎవల రక్తం, చెల్లె?"

రెబెకా చెయ్యి గొట్టానికున్న చిన్న చక్రం మీదికి పోయింది. ఒక్కసారి తిప్పితే చాలు, ఆగిపోతుంది. కానీ ఇంకో సంచి లేదు. ఇవ్వాళ ఎక్కించకపోతే పిల్ల దక్కదని డాక్టర్ పొద్దున్నే చెప్పేశాడు. మహిమ పెదవుల మీదికి రంగు వస్తోంది. ఎన్నాళ్లకో... తల్లి ప్రాణం కదా, తిప్పలేకపోయింది. చెయ్యి తీసేసింది.

"నా బిడ్డ ఏది అన్నా?" గుసగుసగా అడిగింది.

ఈసారి ఆ గొంతు అరవలేదు. గుసగుస కూడా బాగానే వినిపించినట్టుంది.

"పండుకున్నది. లేపకు."

సంచిలో రక్తం ఇంకా సగం ఉంది.