తొమ్మిది నుంచి లెక్కపెట్టే సబ్‌వే

రైలు పట్టాల కింద ఉన్న ఆ సబ్‌వేకి మంచిపేరు అంటూ ఎప్పుడూ లేదు. కట్టిన మొదటి ఏడే కప్పు నుంచి నీళ్ళు కారాయి. రెండో ఏడు దీపాలు పోయాయి. మూడో ఏడు గోడలకి తెల్లగా సున్నం కొట్టించారు గానీ, దీపాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఉన్న పన్నెండింట్లో మూడే వెలిగేవి. ఆ మూడూ కూడా, వాటికి బుద్ధి పుట్టినప్పుడు.

అయినా జనం నడిచేవాళ్ళు. సబ్‌వేలోంచి అయితే అవతలికి నాలుగు నిమిషాలు. పైన రైల్వే గేటు చుట్టూ తిరిగితే నలభై. ఏది పెద్దదో నేను విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

అలాంటిది, రెండు నెలలుగా చీకటి పడితే ఒక్క మనిషీ ఆ మెట్లు దిగడం లేదు.

ఎందుకంటే — లోపల ఎవరో లెక్కపెడుతున్నారు.

ఒకటి, రెండు అని కాదు. అలా అయితే ఎవరో చిన్నపిల్లలనుకుని ఊరుకునేవాళ్ళు. తొమ్మిది... కాసేపు ఏమీ ఉండదు... ఎనిమిది... మళ్ళీ ఏమీ ఉండదు... ఏడు. అలా వెనక్కి. ఆడగొంతో మగగొంతో తెలియని గుసగుస. ఆ సొరంగంలో గోడకి తగిలి, వెనక నుంచి వచ్చినట్టు వినిపిస్తుందట.

పేపర్లు వేసే అతను ‘ఏడు’ దాకా విని, సైకిలు అక్కడే వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడు. రెండు రోజులు ఆ సైకిలు అక్కడే పడి ఉంది. దొంగలు కూడా ముట్టుకోలేదంటే దెయ్యం ఉన్నట్టే కదా అని అతని వాదన. సున్నాకి వస్తే ఏమవుతుంది అని అందరూ అడిగేవాళ్ళు. సున్నా దాకా ఆగినవాళ్ళు లేరు కనుక జవాబు లేదు.

ఇక ఆ సబ్‌వేలోకి చీకట్లో దిగిన మనిషి గురించి చెబుతాను. ఆమె నా తమ్ముడి కూతురు. నాకు ఎలా చెప్పిందో అలాగే చెబుతున్నాను, సొంతంగా ఒక్క ముక్క కలపలేదు.

మా మేనకోడలు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు పోసి, పళ్ళు ఒక్కొక్కటే కూర్చి, పాలిష్ పట్టడం ఆమె పని. ఇంట్లో ఆమెని ‘పళ్ళ మేస్త్రీ’ అంటాం. ల్యాబు పట్టాలకి ఇటువైపు. ఇల్లూ, మూడేళ్ళ కూతుర్ని ఉంచే క్రెషూ అటువైపు. క్రెష్ అయితే సబ్‌వే మెట్లు ఎక్కగానే ఎదురుగా కనిపిస్తుంది. భర్త లారీ మీద పోతే రెండు వారాలకి గానీ రాడు.

ఆ క్రెష్ ఆరున్నరకి మూస్తారు. అది నడిపే మేడమ్ దగ్గర ఆరున్నర అంటే ఆరున్నరే. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఆమె దగ్గర ఒక నల్ల అట్ట పుస్తకం ఉంది. అందులో పేరు, వచ్చిన వేళ, కారణం — మూడు గడులు. మూడుసార్లు పేరెక్కితే ఆ పిల్ల చోటు ఎదురుచూస్తున్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తారు. బ్యాంకు మేనేజరు కొడుకుని కూడా అలాగే తీసేశారు. ఆమె ఎదుట పెద్ద పెద్దవాళ్ళే హోమ్‌వర్క్ చెయ్యని పిల్లల్లా నిలబడేవాళ్ళు.

మా పళ్ళ మేస్త్రీ పేరు అప్పటికి రెండుసార్లు ఎక్కింది. రెండుసార్లూ కారణం గడిలో ‘గేటు పడింది’ అనే ఉంది. మూడోసారి ఎక్కితే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవడమే.

మరి నాలుగు నిమిషాల దారి ఉండగా గేటు చుట్టూ ఎందుకు తిరగడం అంటారా?

ఆమెకి దెయ్యం భయం కాదు. అంతకుముందే పట్టుకున్న భయం ఒకటుంది. ఏడాది కిందట ఒకసారి సబ్‌వే మధ్యలో ఉండగా దీపాలు పోయాయి. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, ఇక్కడే పోతాననుకుంది. పోలేదు, అది వేరే సంగతి. కానీ ఆ రోజు నుంచి మెట్ల దగ్గరికి వెళితే చాలు, అరచేతులు తడిసిపోయేవి. సబ్‌వే మానేసింది. తర్వాత లిఫ్టు మానేసింది. ఆ పైన బాత్రూము తలుపుకి గడియ పెట్టడం కూడా మానేసింది.

భయానికి కాస్త చోటిస్తే ఇల్లంతా పరుచుకుంటుంది.

అప్పుడు మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎక్స్‌పోజర్ థెరపీ అని మొదలుపెట్టారు. పేరు చూసి బెదిరిపోకండి, సంగతి తేలికే. బోర్డు దగ్గరికి రావడానికి వణికే పిల్లని మా బడిలో ఏం చేస్తాం? మొదటిరోజు సుద్దముక్క తెచ్చి బల్ల మీద పెట్టమంటాం. రెండోరోజు బోర్డు తుడవమంటాం. పది రోజులయ్యాక ఆ పిల్లే లేచి వచ్చి లెక్క చేస్తుంది. ఇదీ అంతే. దేనికి భయమో దాన్ని పది మెట్లు చేసి, కింది మెట్టు నుంచి ఎక్కడం. మొదటిమెట్టు, సబ్‌వే ఫొటో చూడటం. రెండోది, బయట నిలబడటం. అలా ఆదివారం పగటిపూట వెళ్ళి వెళ్ళి, ఆరో మెట్టుకి — అంటే లోపల మొదటి దీపం దాకా — వచ్చింది.

ఒక్కో మెట్టు మీదా పాటించాల్సినవి కొన్నున్నాయి. భయం వేసినప్పుడు పదికి ఎంత భయమో అంకె చెప్పుకోవాలి. ఆ అంకె సగానికి దిగేదాకా అక్కడే నిలబడాలి. పారిపోకూడదు. ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. తోడు తెచ్చుకోకూడదు. పారిపోతే, పారిపోవడం వల్లే బతికాం అని మనసు పాఠం నేర్చేసుకుంటుంది. నిలబడితే, ఏమీ కాలేదని నేర్చుకుంటుంది. 

ఈపాటికి తెలివైనవాళ్ళు ఇద్దరు ముగ్గురు చెయ్యి ఎత్తే ఉంటారు. దించండి. సగమే తెలిసింది మీకు.

ఆ రోజు ఒక పెద్దాయన పళ్ళసెట్టు ఆలస్యమైంది. మర్నాడు కోర్టులో సాక్ష్యం చెప్పాలి ఆయన. పళ్ళు లేకుండా చెబితే ‘చూశాను’ అన్నది ‘తూతాను’ అని రాసుకుంటారేమోనని ఆయన బెంగ. ఆ సెట్టుకి పాలిష్ పట్టి ఇచ్చేసరికి ఆరు దాటి ఐదు నిమిషాలు. చలికాలం. అప్పటికే చీకటి.

గేటు దారి పనికిరాదు. మా మేనకోడలు సబ్‌వే మెట్ల మీద నిలబడి వాచీ చూసుకుంది. ఆరూ పదిహేను.

ఆరో మెట్టు దగ్గరున్న మనిషి, ఒక్కసారిగా పదో మెట్టు ఎక్కాలి.

దిగింది. మొదటి దీపం వెలగడం లేదు. రెండోదీ లేదు. ఎడమచేత్తో గోడ తడుముకుంటూ నడిచింది. గోడ చల్లగా, పొడిపొడిగా ఉంది. పైనుంచి ఏదో రైలు పోయింది. గోడలు గజగజ వణికాయి.

గుండె మొదలెట్టింది.

పాఠం గుర్తొచ్చింది. ఆగి, నెమ్మదిగా అంది — "ఎనిమిది."

చీకట్లోంచి, ముందు నుంచో వెనక నుంచో తెలియకుండా, జవాబొచ్చింది...

"తొమ్మిది."

తర్వాత నేను అడిగాను. ‘నీ లెక్కే కదమ్మా అది, నీకెలా తట్టలేదు’ అని. "అత్తా, పరీక్ష హాల్లో నీకు తెలిసినవన్నీ గుర్తొచ్చాయా ఎప్పుడైనా?" అంది.

కాళ్ళు వెనక్కి తిరిగాయి. పరిగెత్తితే ఇరవై అడుగుల్లో మెట్లు. కానీ అలా పరిగెత్తితే పిల్ల చోటు పోయినట్టే, ఉద్యోగం పోయినట్టే. ఇన్నాళ్ళుగా ఎక్కిన మెట్లన్నీ పోయినట్టే. నిలబడింది. నిజాయితీగా అంది.

"తొమ్మిది."

అవతల ఎవరో గబుక్కున ఊపిరి పీల్చిన చప్పుడు. 

"తొమ్మిదిన్నర," అంది ఆ గొంతు.

అలా ఇద్దరూ నిలబడ్డారు. దెయ్యం కదలదు. మా పిల్లా కదలదు. ఒకళ్ళు ఎనిమిది అంటారు. కాసేపటికి ఇంకొకళ్ళు ఎనిమిది అంటారు. ఏడు. ఏడున్నర. ఆరు. ఏడు. వేలంపాట తిరగేసినట్టు ఉంది వ్యవహారం. 

ఎంత భయమైనా ఎప్పటికీ అదే ఎత్తున ఉండలేదు. దానికీ కాళ్ళు నొప్పులు పుడతాయి. ఇరవై నిమిషాలు గడిచేసరికి మా మేనకోడలి ఊపిరి మామూలుగా ఆడుతోంది. "నాలుగు," అంది. అనేసి, గోడని వదలకుండా ముందుకి నడిచింది.

మధ్యలో — సరిగ్గా మధ్యలో — పక్కనే ఎవరో ఉన్నారు. ఊపిరి వినిపిస్తోంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. పసిపిల్లలకి రాసే పౌడరు వాసన గుప్పుమంది. దెయ్యానికి పౌడరేమిటి అని ఆగి ఆలోచించే ఓపిక ఆమెకి లేదు. దాటేసింది. వెనకనుంచి సన్నగా వినిపించింది...

"పది."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి క్రెష్‌లోకి వెళ్ళేసరికి ఆరూ నలభై ఒకటి. పిల్ల ఆయమ్మ ఒళ్ళో నిద్రపోతోంది.

"మేడమ్ ఏరి?"

"నేనూ అదే చూస్తున్నానమ్మా. రోజూ ఆరింటికి అలా నడిచొస్తానని వెళ్ళి, ఆరున్నరకి ముందే వచ్చి కూర్చుంటారు. ఇవాళ ఇంకా పత్తా లేరు. నా బస్సు కాస్తా పోయేలా ఉంది."

మేడమ్ సంతకం లేకుండా పిల్లని తీసుకెళ్ళకూడదు. కూర్చుంది. ఏడింటికి ఇంకా అయిదు నిమిషాలుందనగా తలుపు తోసుకుని మేడమ్ వచ్చారు. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళజోడు వంకరగా ఉంది. ఆయమ్మని వెళ్ళమన్నారు. కుర్చీలో కూర్చుని, సొరుగులోంచి నల్ల అట్ట పుస్తకం తీశారు.

"ఎన్నింటికి వచ్చారు?"

"ఆరూ నలభై ఒకటి, మేడమ్."

"మూడోసారి."

"అవును."

"కారణం?"

గేటు అని చెప్పేద్దామనుకుంది. కానీ అంతసేపు నిజమైన అంకెలు చెప్పి చెప్పి, నోటికి అబద్ధం రాలేదు.

"సబ్‌వేలో నిలబడిపోయానండీ."

"ఎందుకు నిలబడ్డారు?"

"తొమ్మిది కాస్తా సగానికి దిగేదాకా కదలొద్దని డాక్టరమ్మ చెప్పారు."

పెన్ను ఆగిపోయింది.

మేడమ్ తల ఎత్తలేదు. ఆ గదిలో పౌడరు వాసన... బల్ల మీద ఆమె ఎడమచెయ్యి, మోచేతి దాకా సున్నం. మా మేనకోడలు తన ఎడమ అరచెయ్యి చూసుకుంది.

"ముందు ‘ఎనిమిది’ అన్నది..." మేడమ్ గొంతు గుసగుసలా వచ్చింది, "మీరా?"

"‘తొమ్మిదిన్నర’ అన్నది మీరా?"

"మీరు నా పక్కనుంచి పోయారు. ఆ మసకలో తెల్లటి చెయ్యి ఒక్కటే ఎదుటి గోడ మీద పాక్కుంటూ పోవడం చూశాను. నాకేమనిపించి ఉంటుందో ఆలోచించండి. నాలుగేళ్ళుగా గేటు చుట్టూ తిరిగి ఇంటికెళ్తున్నాను. రెండు నెలలు కష్టపడి మధ్యదాకా వచ్చాను. ఒక్క చేత్తో నన్ను మళ్ళీ పదికి ఎక్కించేశారు."

"మీరు లెక్కపెట్టి ఊరంతటినీ పరిగెత్తించారు కదా మేడమ్."

మేడమ్ నవ్వారట. ఆమె నవ్వుతారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నవ్వడం ఆపి, పుస్తకం తన వైపు తిప్పుకుని, ఆ వరసలో సొంత పేరు రాసుకున్నారు. వచ్చిన వేళ ఆరూ యాభై ఐదు. కారణం గడిలో ‘సబ్‌వే’.

"మీరు ఆలస్యంగా వచ్చారని రాయాలంటే నేనిక్కడ ఉండి చూడాలి. నేను చూడలేదు," అన్నారు. "నాకిది మొదటిసారే. ఇంకా రెండున్నాయి."

ఇద్దరూ బయటికొచ్చారు. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. మేడమ్ ఆటో కోసం చూడలేదు. సబ్‌వే మెట్ల వైపు చూస్తున్నారు.

"తోడు రానా?" అంది మా మేనకోడలు.

"తోడుంటే అది దొంగలెక్క. మీకు చెప్పలేదా మన డాక్టరమ్మ?"

"చెప్పారు."

"మరి. ఇక్కడే ఉండండి. మాట్లాడకండి కూడా."

మేడమ్ దిగారు. చీకటి ఆమెని మెట్టు మెట్టుగా తీసుకుంది. కాసేపటికి లోపలినుంచి... "తొమ్మిది." చాలాసేపటికి, ఇంకాస్త దూరం నుంచి, "ఏడు." తర్వాత మరీ సన్నగా, "ఐదేమో." ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. 

పైనుంచి ఒక రైలు పోయింది. పిల్ల కదిలి మళ్ళీ పడుకుంది. మా మేనకోడలి అంకె మాత్రం ఒక్కొక్కటే పెరుగుతోంది.

ఫోన్ మోగింది.

"అవతలికి వచ్చేశాను," అన్నారు మేడమ్. ఆయాసపడుతున్నారు. "మా ఇల్లు కనిపిస్తోంది. నాలుగేళ్ళలో ఇటునుంచి ఎప్పుడూ చూడలేదు."

"ఎంతకి దిగింది మేడమ్?"

"మూడు." ఆ వెంటనే, "అమ్మా... క్రెష్ తలుపుకి తాళం వేశానా?"

మా మేనకోడలు వెనక్కి తిరిగి చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల దీపం కూడా వెలుగుతోంది.

"లేదండీ. తాళంచెవి?"

"నా చేతిలోనే ఉంది."

ఫోన్ ఆగిపోయింది. ఇక ఆటోలో వస్తారు కాబోలు అనుకుని మా మేనకోడలు పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది.

అప్పుడు, సొరంగం అవతలి చివరనుంచి, మేడమ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఐదు."