వదిన పేరు

“వదినా! ఏందిట్ల చెమటలు పడుతున్నయ్ నీకు? ఎప్పటిసంది నొస్తుంది... చెప్పు వదినా!”

వంటింటి గోడకు ఆనుకుని కూలబడిన జిప్పోరా ఛాతీ పట్టుకుని, వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. “పొద్దున్నించేనమ్మా... ఆస్పత్రికి మాత్రం వద్దు డోరమ్మా! కాయితాలడుగుతారు... తమ్ముడికి తంటా అవుద్ది...”

పొద్దున్నుంచా! ఆ నొప్పితోనేనా ఇంటెడు బట్టలూ ఉతికి ఆరేసింది! డోరా ఆమెను లేవదీసి భుజం ఆనించింది. నిన్ననే కదా, ఈవిడ వల్ల ఇంట్లో మనశ్శాంతి లేకుండా పోయిందని తను విసుక్కున్నది!

డోరా భర్త ఆనంద్ పాల్‌కు జిప్పోరా తోడబుట్టిన అక్క. అరవై ఏళ్ల కిందట బర్మాలోని తెలుగువాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదులుకుని ఓడలెక్కిన రోజుల్లో, వాళ్లమ్మ ఆనంద్ పాల్‌ను కడుపులో మోసుకుంటూ వచ్చేసింది. జ్వరంతో ఉన్న చిన్న పిల్ల జిప్పోరాను నాయనమ్మ దగ్గర ఉంచింది, తర్వాత తెప్పించుకుందామని. ఆ ‘తర్వాత’ రావడానికి ఒక జీవితకాలం పట్టింది! మొన్నటి సైన్యం కాల్పుల్లో అక్కడి ఇల్లు కాలిపోయాక, జిప్పోరా టూరిస్టు వీసా మీద నాంపల్లిలోని తమ్ముడింటికి చేరింది. ఆ వీసా గడువూ దాటిపోయింది. వెనక్కి వెళ్దామంటే ఇల్లు లేదు, ఇక్కడ ఉందామంటే హక్కు లేదు...

“జర జల్ది పోనియ్యన్నా!” ఆటోలో వదినను ఒళ్లో పొదువుకుని డోరా అరుస్తూనే ఉంది. అబిడ్స్ ట్రాఫిక్ కదలదు. సుల్తాన్ బజార్ బట్టల షాపులో లెక్కలు రాసే భర్త, డోరా పంపిన కబురు విని ఫోన్ చేశాడు.

“డోరా, ఇను. నీ ఆధార్ కార్డియ్యి. పేషెంట్ పేరు డోరా అని చెప్పు. నిజం చెప్తే పోలీసులొస్తరు, అక్కను తీస్కపోతరు!”

అబిడ్స్‌లోని ఆ ప్రైవేటు ఆస్పత్రి కౌంటర్ ముందు డోరా కార్డు బయటికి తీసింది. పక్కన చక్రాల కుర్చీలో వదిన తల వాలిపోతోంది... ఏమన్నా అయితే, ప్రభువా, ఈమె డోరాగా చచ్చిపోతుందా? కన్నతల్లి దగ్గర పెరగలేదు, సొంత దేశమంటూ మిగల్లేదు... చివరికి పేరు కూడా లేకుండా పోవాలా!

డోరా కార్డు సంచిలో పడేసింది.

“ఆమె పేరు జిప్పోరా. మా ఇంటాయన అక్క. బర్మా పాస్‌పోర్టు. వీసా అయిపోయింది. అంతా రాస్కో బాబూ... గని ముందుగాల ఆమెను చూడున్రి!”

“వీసా లేదా? మేనేజర్‌ను అడగాలమ్మా. జర కూసోన్రి.”

“కూసునేంత టైం ఆమెకు లేదయ్యా!” డోరా కేకకు హాలంతా ఇటు తిరిగింది. లోపలి నుంచి డాక్టర్ సుష్మ పరుగున వచ్చి, జిప్పోరా నాడి పట్టుకుని చూసింది. “స్ట్రెచర్ తెండి! పోలీసులకు చెప్పేది తర్వాత చెప్పుకుందాం. ముందు ప్రాణం!”

స్ట్రెచర్ లోపలికెళ్లి తలుపు మూసుకున్నాక, కౌంటర్ దగ్గర సంగతి విన్న ఆనంద్ పాల్ రొప్పుతూ వచ్చాడు. “ఎంత పని చేసినవ్ డోరా!”

“నా పేరు మీద ఆమె పోతే, సమాధి మీద ఏం రాపిస్తవయ్యా? చిన్నప్పుడు మీ అమ్మ ఆడ ఇడ్సిపెట్టి వచ్చింది... ఇయ్యాల మనం పేరు గూడ గుంజుకోవాల్నా?”

ఆనంద్ పాల్ బెంచీ మీద కూలబడి, ముఖం కప్పుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు. జిప్పోరా బతికింది! కానీ మర్నాడే ఆస్పత్రి కబురుతో ఎస్సై వచ్చాడు. ఆయన నోరు తెరవక ముందే మంచం మీది నుంచి నీరసపు గొంతు లేచింది. “వీళ్లకేం తెలీదు బాబూ... నేను పరాయిదాన్ని. దారిలో పడిపోతే తెచ్చారంతే...”

డోరా కళ్లు నిండిపోయాయి. ఇంత జరిగాక కూడా ఈ తల్లి తమ్ముణ్ణే కాపాడుకుంటోంది!

“అబద్ధం సార్!” ఆనంద్ పాల్ ముందుకొచ్చాడు. “ఆమె మా సొంత అక్క. మా ఇంట్లనే ఉంటది. దాసిపెట్టింది నేనే. ఏం రాస్కుంటరో నా మీద రాస్కోన్రి.”

ఎస్సై ఆనంద్ పాల్ పేరూ అడ్రసూ రాసుకున్నాడు. “కోలుకున్నంక విదేశీయుల ఆఫీసుకు తీస్కరాన్రి. ఉండనిస్తరో లేదో నేనైతే చెప్పలేను,” అని వెళ్లిపోయాడు.

ఆనంద్ పాల్ ఇడ్లీ తుంచి అక్క నోటికి అందించాడు. ఆమె చేతి గోరుముద్దలు తినాల్సిన వయసులో ఆమె ముఖమే ఎరగని తమ్ముడు! జిప్పోరా నమలలేక, ఏడవలేక, అతని చేతిని చెంపకు ఆనించుకుంది.

డోరా మాత్రం తలుపు వైపే చూస్తోంది... ఎవరు వచ్చినా తనే ముందు లేచి మాట్లాడాలని!