ఎడమ చక్రం మీద ఎర్ర గీత

"గురువారం ఉదయం పదకొండు గంటలకు," అన్నాడు చీఫ్. "ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే మిలిటరీ రైళ్ల టైములన్నీ మైక్రోఫిల్మ్ మీద సరిహద్దు దాటబోతున్నాయి. పొలాలకు మందు చల్లే చిన్న విమానంలో. మూడుసార్లు సోదా చేయించాం. ఏమీ దొరకలేదు."

"పైలట్?" అడిగాడు గంగాధరరావు.

"మన చంద్రకళే. ముఠాలో మన మనిషి. అంతా శుభ్రం అని రిపోర్టు పంపుతోంది. ఆ విమానం ఎగిరిందంటే, యుద్ధం మొదలవకముందే మన రైళ్లు పేలిపోతాయి."

అది 1971 నవంబరు. గురువారం పదింటికి ఏజెంట్ గంగాధరరావు అతికించిన మీసంతో, టైర్ల కంపెనీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, ఖరగ్‌పూర్ శివార్లలో రెండో ప్రపంచయుద్ధంనాటి రన్‌వే మీద రిక్షా దిగాడు. అతను పుట్టింది ఈ ఊళ్లోనే, ట్రాఫిక్ అనే పేటలోని రైల్వే క్వార్టర్లలో.

విమానం పక్కన చంద్రకళ నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, మెడలో పట్టు స్కార్ఫ్. ట్రైనింగులో ఆమె నవ్వు చూడటానికే ఊసుపోని చిన్ననాటి కబుర్లన్నీ చెప్పేవాడతను.

"ఇక్కడ మంచి చేప ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

"గోల్‌బజార్‌లో. బేరం మాత్రం మీరే ఆడాలి." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నేను అణువణువూ వెతికాను గంగాధర్. ఏమీ లేదు." అని మ్యాపుల కోసం షెడ్డులోకి వెళ్లింది.

విమానం కింద ఒక ముసలాయన చతికిలబడి ఉన్నాడు. తవిటయ్య మేస్త్రీ. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. తండ్రిలేని గంగాధరరావుకు పని నేర్పి, అన్నం పెట్టినవాడు.

"ప్రెషర్ చూడాలి," అన్నాడు గంగాధరరావు గొంతు మార్చి, గేజి అందుకుని.

తవిటయ్య అతని చేతినే చూశాడు. "మీసం నీది కాదు గానీ, గేజి పట్టిన సెయ్యి నాను నేర్పిందే. ఏటి గంగా, మావకే ఏసం ఏస్తావేటి?"

గంగాధరరావుకు నవ్వాగలేదు. "బాగున్నావా మావా?"

"ఈ బూట్లతోనే సస్తన్నాను." చక్రాలకు తొడిగిన రేకు కప్పులను, ఫెయిరింగులను, ఆయన బూట్లంటాడు. "గాలి తగ్గినా పైకి కనపడదు. బురద లోపలే గడ్డకట్టి టైరుని కోసేస్తాది. బూటులో పుండు నడిసినోడికే తెలుస్తాది బాబూ."

తవిటయ్య ఎడమ ఫెయిరింగు ఊడదీశాడు. టైరు మీంచి రిమ్ము మీదికి సన్నటి ఎర్ర గీత. దిగేటప్పుడు టైరు రిమ్ము మీద జారితే ఆ గీత విడిపోతుంది. ట్యూబు వాల్వు తెగబోతోందని తెలుస్తుంది. గంగాధరరావు పెన్నులోని లెన్స్ తీసి చూశాడు. గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి ఉంది. కానీ కలిసినచోట రంగు చిట్లి ఉంది.

టైరు ఊడదీసి మళ్లీ ఎక్కించారు. దొంగకు గీత కలపాలన్న ధ్యాస ఎక్కడిది? ఇంత శ్రద్ధగా కలిపే చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే ఉంది.

"మావా, ఇందులో ఏం పెట్టావు?" అడిగాడు గంగాధరరావు.

తవిటయ్య ఫెయిరింగు మళ్లీ బిగిస్తూ అటూ ఇటూ చూసి, గర్వంగా గుసగుసలాడాడు. "నాకాడ దాస్తావేటి? నువ్వంపిన సరుకే గదా! నీ సిన్నప్పటి కబుర్లన్నీ సెప్పినాది పైలట్ దీదీ. నాకు నెంబరు కూడా ఇచ్చినాది. ఏజెంట్ పదిహేడు. మీ అత్త పోలమ్మకి కూడా సెప్పలేదు, ఒట్టు!"

మావను తెరిచిన తాళంచెవి తన పేరే. అది ఆమె చేతికిచ్చింది తనే.

"నేను పంపలేదు మావా. ఆమె అవతలి మనిషి."

తవిటయ్య చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి చంద్రకళ కాక్‌పిట్‌లోకి ఎక్కింది. ఇంజిన్ గర్జించింది. గంగాధరరావు చెయ్యి రివాల్వర్ మీదికి పోయింది. ముసలాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పేల్సకు. పెట్రోలు నిండా ఉంది. ఫిలిం కాలిపోతాది. నాను కట్టిందే, నానే ఇప్పుతాను."

అరచెయ్యి పైకెత్తి విమానం ముందుకు నడిచాడు. మూడు నెలలుగా ఎగిరే ముందు ప్రతిసారీ ఆయన అలాగే గాలి చూస్తాడు. చంద్రకళ విసుగ్గా బ్రేకు మీదే ఉంది. తవిటయ్య ఎడమ ఫెయిరింగు కంతలో చెయ్యి పెట్టి, వాల్వు పిన్ను తిప్పి లాగేశాడు. గాలి పోయే చప్పుడు ఇంజిన్ మోతలో కలిసిపోయింది. టైరు చదునయ్యేదాకా కూర్చున్నాడు. ఆ పుండును ఫెయిరింగే దాచిపెట్టింది. లేచి, అంతా సరే అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు.

విమానం ముప్పై గజాలు ఉరికింది. ఎడమ ఫెయిరింగు నేలలో దిగబడి నుజ్జయింది. విమానం గిర్రున తిరిగి ఆగిపోయింది. చంద్రకళ పిస్టల్‌తో దూకింది. ముసలాయన చేతిలో మెరుస్తున్న పిన్ను చూసి, కాల్చింది. గంగాధరరావు తూటా ఆమె మణికట్టు విరగ్గొట్టింది. అరక్షణం ఆలస్యంగా.

తవిటయ్య తల అతని ఒళ్లో ఉంది.

"గంగా... ఎడం టైరు పెషరు సున్నా అని రాయి. అబద్దం రాయకు."

"రాస్తాను మావా."

"నా నెంబరు... అదీ అబద్దమేనేటి?"

"కాదు మావా. నిజమే."

ముసలాయన నమ్మాడు. అతని మాట ఎప్పుడూ నమ్మేవాడు.

టైరులో ఫిల్ము దొరికింది. రైళ్లు టైముకే నడిచాయి. గంగాధరరావు రిపోర్టు చదివి చీఫ్ ఫోన్ చేశాడు.

"విధి నిర్వహణలో ఏజెంట్ పదిహేడు మృతి అని రాశావు. మన లిస్టులో పదిహేడు ఎవరూ లేరయ్యా."

"ఆ లిస్టులో చంద్రకళ ఉంది కదా సార్," అన్నాడు గంగాధరరావు. "లిస్టే తప్పు."