పైవాటా కుర్రాడి ముఖం

ఆ ఇంట్లో గొడవంతా ఒక కుర్చీ గురించి. పైవాటాలో అద్దెకున్న కుర్రాడు ఆదివారం భోజనానికి వస్తే చాలు, డాక్టరమ్మాయి కుర్చీని బరబరా లాక్కెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నేల గీతలు పడుతోందని తల్లి. ఇంటికొచ్చినవాడికి వీపు చూపించడమేమిటని తండ్రి.

అసలు సంగతి వేరే. రొమ్ము కాన్సర్‌కు ఆమె తయారుచేసిన మందును ఆస్పత్రిలో పరీక్షిస్తున్నారు. కొందరికి అది, కొందరికి పాతది. ఎవరికి ఏది వెళ్తోందో ఆమెకు తెలియకూడదు. ఆ లెక్కలు చూసే ఈ కుర్రాడికి మాత్రం అన్నీ తెలుసు.

ఒకసారి మెట్లమీద ఆమెను చూసి నవ్వాడు. మందు పనిచేస్తోందనుకుని ఆమె ఆ రోజంతా వార్డులో గాల్లో తేలింది. మర్నాడు పంటినొప్పితో ముఖం ముడుచుకున్నాడు. ఆమెకు అన్నం సహించలేదు. అప్పట్నుంచి అతను నవ్వడం, ముడుచుకోవడం రెండూ మానేశాడు. తండ్రి జోకు వేస్తే ఇంటి కప్పుకేసి చూస్తాడు. వాన పడితే ఆమె గుమ్మంలో గొడుగు పెట్టి, కంటబడకుండా పారిపోతాడు.

ఆ ఆదివారం ఆమె గోడనే అడిగింది, గొడుగు ఎందుకు పెడుతున్నారని.

"మనసులో మాట చెప్తే మందు పనిచేస్తోందన్న హుషారులో చెప్పాననుకుంటారు. చెప్పకపోతే పనిచెయ్యట్లేదనుకుంటారు. నేనేం చెయ్యనండీ?" అన్నాడతను.

ఆమె కంచం కింద పెట్టి గోడతోనే అంది.

"అయితే నేనే అడుగుతాను. నాకేమీ తెలీదు కాబట్టి రహస్యం బయటపడదు. అది పనిచెయ్యకపోతే ఆ ఆడవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు. ఆ రోజు మీరు నా పక్కనుంటే బావుండు. పెళ్ళి చేసుకుంటారా?"

అతను కంచం ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చారు కాలరు మీదుగా కారింది. కంచం వెనకనుంచి "ఊఁ" అని వినబడింది.

"ఏ ముఖంతో అన్నాడే?" అన్నాడు తండ్రి.

"కనబడితేగా," అంది తల్లి.

లెక్కల పని రేపే వేరేవాళ్ళకు అప్పగిస్తానని కంచం చెప్పింది. తెలిసింది తెలియకుండా పోదుగా అని గోడవైపునుంచి జవాబొచ్చింది.

తర్వాత ఆమె వెనక్కి తిరక్కుండానే అందరికీ చెప్పింది.

"మందు పనిచేసినా సరే, చెయ్యకపోయినా సరే, పెళ్ళి వచ్చే నెల్లోనే. ఫొటోలు మాత్రం ఫలితాలొచ్చాక తీయించుకుంటాం."