ఉదరవాణి

"శుభవార్త! మూడో బెడ్డు వారి పేగులు మేలుకొన్నాయి."

వార్డు గోడకున్న స్పీకర్లోంచి తీయటి ఆడగొంతు ఆ మాట అనగానే నర్సులు చప్పట్లు కొట్టారు. మూడో బెడ్డు మీదున్న మనిషి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అతని చుట్టాలు పడీపడీ నవ్వారు. ఐదో బెడ్డు మీదున్న వడ్డాది జగ్గారావు కూడా నవ్వబోయి, కుట్లు లాగేసరికి ఆగాడు. తన పొట్టకి కట్టిన బెల్టు వైపు చూసుకున్నాక ఆ మిగిలిన నవ్వూ పోయింది.

ఆ బెల్టు పేరు ఉదరవాణి. విజయనగరంలోని ఆ ఆస్పత్రి సర్జన్ డాక్టర్ నూర్జహాన్ దాన్ని తయారుచేసి, ఆ వార్డులో పరీక్షించి చూస్తోంది. పొట్ట ఆపరేషన్ అయ్యాక పేగులు కొన్నాళ్ళు మొద్దుబారి పడుకుంటాయి. అవి మేలుకోకముందే అన్నం పెడితే కిందికి దిగదు. పొట్ట ఉబ్బుతుంది, వాంతులవుతాయి. మేలుకున్నాయనడానికి పాతకాలం నుంచీ డాక్టర్లు చూసే గుర్తు గ్యాస్ పోవడం. రోజూ ఆ సంగతే అడిగేవారు. రోగులు సిగ్గుపడి తోచిందేదో చెప్పేవారు. ఇప్పుడా అవసరం లేదు. బెల్టులో ఉన్న చిన్న చిన్న మైక్రోఫోన్లు పేగుల చప్పుడు విని, కదలిక మొదలవగానే కంప్యూటర్‌కి చెబుతాయి. కంప్యూటర్ అందరికీ చెబుతుంది.

జగ్గారావుకి నచ్చనిది ఆ చివరి సంగతే. ఆయన తహసీల్దారుగా రిటైరైన మనిషి. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా ఎవరికీ కనబడడు. ఆయన పెద్దపేగులో గడ్డ అడ్డుపడితే నూర్జహాన్ ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టింది.

"ఆ గొంతు ఆపడం కుదరదా డాక్టరుగారూ?" అని అడిగాడు.

"కుదరదండీ. కావాలనే మీట పెట్టలేదు. నలుగురూ చప్పట్లు కొడితే సిగ్గు దానంతటదే పోతుంది" అంది నూర్జహాన్ నవ్వుతూ.

ఆ సాయంత్రం వియ్యంకుడూ వియ్యపురాలూ చూడ్డానికి వస్తున్నామని ఫోన్ చేశారు. వాళ్ళుండగా ఆ స్పీకర్ మోగితే? బెల్టు ఊరికే విప్పేస్తే నర్సు దగ్గర గంట మోగుతుంది. అది ఏదో ఒక ఒంటి మీద ఉండాలి. భార్య కనకాన్ని దగ్గరికి పిలిచాడు.

"ఇది నువ్వు కట్టుకుని ఓ గంట వరండాలో కూర్చో."

"నేనా? నా పొట్టకి కట్టకండి, వద్దు" అంది కనకం, కొంగు బిగించుకుంటూ.

"నీకేం ఆపరేషన్ అయిందా, పాడా? దానికి వినడానికేముంటుంది? వాళ్ళముందు నా పరువు పోతుందే!"

కనకం కర్టెన్ చాటున బెల్టు చీర కిందికి కట్టుకుని వెళ్ళిపోయింది.

వియ్యంకులు వచ్చి కూర్చున్నారు. వియ్యపురాలు బత్తాయిల సంచీ బల్లమీద పెడుతూ ఉండగా స్పీకర్ మోగింది.

"శుభవార్త! ఐదో బెడ్డు వారి పేగులు మేలుకొన్నాయి."

నర్సులు చప్పట్లు కొట్టారు. వియ్యంకుడు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. జగ్గారావుకి తల కొట్టేసినట్టయింది. ఆరోగ్యంగా ఉన్న పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయని ఆయనకి తట్టనేలేదు. కాదందామంటే బెల్టు ఎక్కడుందో చెప్పాలి.

కాసేపటికి నర్సు రమణమ్మ మెత్తటి మజ్జిగన్నం తెచ్చింది. "తినండి బాబూ, ఇంక భయం లేదు."

"తినండి అన్నయ్యగారూ, రెండు ముద్దలైనా" అంది వియ్యపురాలు. జగ్గారావు తిన్నాడు.

తెల్లారేసరికి పొట్ట డోలులా ఉబ్బింది. వాంతయింది. అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడలేదు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి, ఆక్సిజన్ పెట్టి, ఆయన్ని ఎలాగో నిలబెట్టారు. ఆ గొడవకి ముందే కనకం బెల్టు తెచ్చి ఆయనకి కట్టేసింది.

ఉదరవాణి పరీక్షలు ఆపేశారు. వార్డులోనే, నలుగురి ముందూ సూపరింటెండెంట్ నూర్జహాన్‌ని నిలదీశాడు. ఆవిడ నేరుగా ఐదో బెడ్డు దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

"క్షమించండి జగ్గారావుగారూ. నా యంత్రం తప్పు విన్నది. మీ ప్రాణం మీదికి తెచ్చాను."

జగ్గారావు కళ్ళు మూసుకున్నాడు. ముక్కులో గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేడని ఆవిడ అనుకుంది. ఆయన మాట్లాడగలడు. ఆ చేతుల వైపు చూడలేకపోయాడంతే.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఆ సాయంత్రం రికార్డంతా కూర్చుని విన్నాను. యంత్రం తప్పు వినలేదు. కదలిక నిజమే. కానీ బొడ్డు కింద ఒకచోట పేగు ఇరుక్కున్న చప్పుడుంది, సన్నగా, కీచుగా. మీ పొట్టలో అలాంటి చోటు నేను చూళ్ళేదు. మరి నా కంటికి ఏదో తప్పింది. ఇంకోసారి తెరిచి చూడాలి."

మళ్ళీ కోయించుకుందామనే అనుకున్నాడు జగ్గారావు. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

"ఆగితే ఏమవుతుంది?" అన్నాడు.

"ఇరుక్కున్న పేగుకి రక్తం ఆగిపోతే నల్లబడి కుళ్ళిపోతుంది. మనిషి దక్కరు."

కనకం మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి బొడ్డు కింద చీర కుచ్చిళ్ళని అదిమి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేదని జగ్గారావుకి అప్పుడు తెలిసింది.

"ఆ పొట్ట నాది కాదమ్మా" అన్నాడు. "నాకు సిగ్గేసి మా ఆవిడకి కట్టాను. మిమ్మల్ని అన్ని మాటలంటుంటే వింటూ పడుకున్నాను."

నూర్జహాన్ కనకాన్ని కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళింది. పాత సిజేరియన్ మచ్చ దగ్గర కండ విడిపోయి, ఆ సందులోంచి పేగు బయటికి తోసుకొచ్చింది. దాన్ని హెర్నియా అంటారు. పైకి కనబడకుండా కనకం గుడ్డపట్టీ బిగించి కట్టుకుని తిరుగుతోంది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. పేగుని లోపలికి సర్ది, విడిపోయిన కండ దగ్గరికి కుట్టి, దోమతెరలాంటి మెత్తటి వల అడ్డం పెట్టారు.

ఉదరవాణిని మళ్ళీ వాడుతున్నారు. గొంతు ఆపే మీట పెట్టారు. "ఆయన సిగ్గు ఆయన చెప్పాడు. నేనే వినలేదు" అని నూర్జహాన్ తన రిపోర్టులో రాసుకుంది. ఇంకో చిత్రం కూడా జరిగింది. పేషెంటు కోసం తయారైన ఆ బెల్టుని ఇప్పుడా ఆస్పత్రిలో పేషెంటుకి తోడొచ్చిన ఆడవాళ్ళకి కూడా ఓ గంట కట్టి చూస్తున్నారు. చాలామందిలో ఏదో ఒకటి బయటపడుతోంది.

కనకానికి మెలకువ వచ్చేసరికి జగ్గారావు పక్కన కుర్చీలో ఉన్నాడు. నలిగిన ఆస్పత్రి చొక్కాలో, గడ్డం మాసిపోయి.

"ఎప్పట్నుంచి ఉంది ఇది?"

"రెండోవాడు పుట్టిన దగ్గర్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు కనకం?"

ఆవిడ కాసేపు గుర్తు తెచ్చుకుంది. కోపమేమీ లేదు.

"చెప్పానండీ ఓసారి. ఆఫీసుకి టైమవుతోందన్నారు."