మూడో పిలుపు

పొద్దున్నే టీ కప్పు పక్కన పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుంది వీణ. మెయిల్ ప్రోగ్రాం తెరుచుకుంది. పైనున్న ఉత్తరాలు బుద్ధిగా చూపించి, ఆ కిందిదాని మీద నొక్కగానే తెర పాలిపోయి బిగుసుకుపోయింది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. సలాబత్‌పురా బట్టల బజారు సేఠ్ పంపిన చీరల డిజైన్లు అందులోనే ఇరుక్కున్నాయి. వాటికి రంగులు దిద్ది పంపకపోతే పని ఇంకొకరికి పోతుంది.

అది మామగారు మల్లికార్జునరావు కంప్యూటరు. రైల్వేలో రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్నారు. ఆయన పోయాక దాని మీద దుప్పటి కప్పేశారు. సంవత్సరీకం అయ్యాక, తన లాప్‌టాప్ మొరాయిస్తోందని వీణే ఆ ముసుగు తీసింది. అప్పట్నుంచీ అత్తగారు కుమారి ఆ గదిలోకి రావడం తగ్గించింది. దీపాలవేళ మాత్రం వచ్చి, భర్త నేర్పినట్టే స్పీకరు మీట తిప్పి, విష్ణుసహస్రనామం పెట్టుకుని విని వెళ్ళిపోతుంది. పగలంతా ఫోన్లతో సరిపోయే వీణ స్పీకరు ఆపే ఉంచుతుంది. దీపాలవేళకు తన కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి వెళ్తుంది.

ఆ రోజు పట్టుబట్టి మరమ్మతుకు దిగింది. ఉత్తరాల పట్టీ దాచుకునే ఫైలును తీసేసి, మళ్ళీ కొత్తగా కట్టుకోమంది. ప్రోగ్రాం చాలాసేపు నానబెట్టి, చెడినవాటిని విడదీసి చూపించింది. అన్నీ సగం దిగి తెగిపోయినవే. ఒకదానిలో చీర కట్టుకున్న అమ్మాయికి నుదురుంది, కళ్ళున్నాయి. ముక్కు కింద అంతా బూడిదరంగే. నోరు లేని ఆ మొహం తననే చూస్తున్నట్టుంటే వీణ గబుక్కున దాన్ని మూసేసింది. తేదీలు వేరైనా అన్నీ దీపాలవేళకు వచ్చినవే. ఉత్తరం దిగుతుండగా ఎవరో గోడ స్విచ్చి ఆపేస్తున్నారు. ఆ వేళకు ఇంట్లో ఉండేది ఒక్క మనిషే.

వంటింట్లోకి వెళ్తే కుమారి పొయ్యి దగ్గర నిలబడి తనలో తనే గొణుక్కుంటోంది. "ఒకటి... రెండు..." అని ఆగిపోయింది. అంతకు మించి లెక్కపెట్టలేదు.

స్విచ్చి సంగతి అడిగితే కరెంటు పోయిందేమో అంది కుమారి, కోడలి మొహం చూడకుండా. వాళ్ళుండే అమ్రోలిలో ఈ నెలంతా కరెంటు పోయిందే లేదు. ఆఫీసుకు బయల్దేరుతున్న వీణ భర్త రాఘవ చెప్పులు వేసుకోబోయి ఆగాడు.

"అమ్మా, వీణ చీరల ధంధా పాడైపోతోంది. నువ్వేం చేస్తున్నావో నీకే గుర్తుండట్లేదు. కొన్నాళ్ళు విజయవాడలో సుభాషిణి అక్క దగ్గరుండు. టికెట్ తీస్తాను."

"ఈ ఇల్లు వదిలి నేను వెళ్ళలేను రాఘవా. మీ నాన్న..." అని మింగేసింది కుమారి.

"నాన్న లేరమ్మా," అన్నాడతను మెల్లగా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వీణకు కోపమూ ఉంది, ఆ కొంగును చూస్తే జాలీ కలిగింది.

సాయంత్రం పాపను తెచ్చే పని రాఘవకు అప్పగించి, వీణ కంప్యూటరు గది తలుపు చాటున నిలబడింది. కుమారి దీపం పెట్టింది. స్తోత్రం మొదలైంది. అసురసంధ్య చీకటి గదిలోకి మెల్లగా దిగుతోంది. ఉన్నట్టుండి ఆ స్తోత్రం మధ్యలోంచి మగగొంతు వినిపించింది.

"కుమారీ, ఇట్రా."

అది మామగారి గొంతే. దీపం ముందు కూర్చున్న కుమారి కదల్లేదు, పలకలేదు. "ఒకటి" అంది.

కాసేపటికి మళ్ళీ అదే గొంతు, అదే పిలుపు. వీణ చూపు తెర మీద పడింది. ఆ క్షణానే కొత్త ఉత్తరం ఒకటి వచ్చి కూర్చుంది. అప్పుడర్థమైంది. ఉత్తరం వస్తే గంట మోగాల్సిన చోట ఆయన తన గొంతే పెట్టుకున్నారు. వచ్చిన ఉత్తరం చూపించాలంటే వంటింట్లో ఉన్న భార్యను కేకేయడానికి కూడా బద్ధకించిన మనిషి. ఆవిడకు ఆ సంగతి చెప్పనే లేదు.

"రెండు," అంటూ కుమారి లేచి గోడ స్విచ్చి మీద చెయ్యి వేసింది. వీణ ఆ చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది.

"భయమేస్తోందా అత్తయ్యా?"

"దయ్యమైతే రెండుసార్లే పిలుస్తుందే. మూడోసారి పిలిస్తేనే మనిషి. మా అమ్మ చెప్పేది, మూడో పిలుపుకే పలకాలని."

"మరి మూడోది రాకముందే ఆపేస్తారేం?"

కుమారి కళ్ళు నిండాయి. "రాకపోతే?"

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. స్తోత్రం అయిపోయింది. మూడో పిలుపు రాలేదు. కుమారి మొహంలో ఆశ కొంచెం కొంచెంగా ఆరిపోతుంటే చూడలేక, వీణ పక్కకు తిరిగి, చేతిలో ఫోన్లోంచి ఆ కంప్యూటరుకు ఏమీ రాయని ఉత్తరం ఒకటి పంపింది.

"కుమారీ, ఇట్రా."

"ఆఁ... వస్తున్నానండీ," అంది కుమారి. కొంగు సర్దుకుని, ఎవరో ఎదురు చూస్తున్నట్టు గబగబా వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. తెర మీద అక్షరాలు కూడబలుక్కుంది. ఉత్తరంలో ఏమీ లేదు. పంపినవారు వీణ. చాలాసేపు ఆ పేరునే చూసి, కోడలి వైపు తిరిగింది.

"పిలిచింది ఆయనే. పిలిపించింది నువ్వా?"

వీణ తలూపి, ఆవిడ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే ఆ గొంతు సంగతంతా చెప్పింది. "ఎంత దొంగమనిషే మీ మామయ్య," అంది కుమారి, ఏడుపులోనే నవ్వుతూ.

రాఘవ పాపతో వచ్చేసరికి గదిలో దీపం పక్కనే కంప్యూటరు వెలుగుతోంది. టికెట్ తియ్యొద్దని వీణ చెప్పింది. ఆ తరవాత పగలు కూడా స్పీకరు ఆపలేదు.