అయిపోయిన బొమ్మ

ఇంకా తడి ఆరని కాన్వాసును ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ఎత్తుకుపోయారు. పైడమ్మ కుంచె గాల్లోనే ఉండిపోయింది. కుంచె కొసన ఉన్న ఎర్రరంగు చుక్క జారి ఆమె పాదం మీద పడింది. ఆ చుక్క పడాల్సింది కాన్వాసు మీద, ఎడమ పక్కన, బూడిదరంగు దట్టంగా ఉన్న చోట. ఎక్కడ పడాలో ఆమెకి తెలుసు. పడనివ్వలేదు.

"ముల్లు దిగడం మొదలెట్టిందమ్మా," అన్నాడు ఆ గదిలో యంత్రం చూసుకునే తాతారావు, ఊపుకొలత ముల్లు మీంచి చూపు ఎత్తకుండా. "దిగితే తీసెయ్యమనే కదా రూలు. కొత్తది పెట్టేస్తారు, మళ్ళీ మొదలెట్టండి."

పైడమ్మ నుదుటికి మనోగ్రాహి అనే సన్నటి పట్టీ ఉంటుంది. బొమ్మ వేస్తున్నప్పుడు ఆమె లోపల ఏ ఊపు రేగితే దాన్ని అది పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని భావవాహిని అనే తీగ తీరం పొడుగునా ఉన్న రొయ్యల షెడ్లకు మోస్తుంది. అక్కడ రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ చెవి వెనక తలో పూస. పూసలోంచి పైడమ్మ ఊపు వాళ్ళ చేతుల్లోకి దిగుతుంది. ఆ రోజుల్లో సొంత ఊపు మీద పనిచేసేవాడు ఎవడూ లేడు. బస్సు తోలేవాడికి ఒకరి ఊపు, పరీక్ష రాసే పిల్లలకు ఒకరిది, ఇటుకలు మోసేవాళ్ళకు ఇంకొకరిది. రొయ్యలు ఒలిచే యంత్రం చేయలేక కాదు. ఉప్పునీటికి యంత్రం తుప్పు పడుతుంది, బాగుచేయించాలి. మనిషి చెయ్యి పాడైతే బాగుచేయించక్కర్లేదు, మనిషిని మార్చేస్తే సరి.

ముందు పాటగాళ్ళను పెట్టి చూశారు. ఊపుతో పాటు పాట కూడా వచ్చేసి, ఆడవాళ్ళు కత్తులు పక్కన పెట్టి కూనిరాగాలు తీశారు. కథలు చెప్పేవాళ్ళను పెడితే షెడ్డంతా ఎవరి తల్లిని వాళ్ళు తలుచుకుని ఏడ్చింది. పైడమ్మ బొమ్మల్లో మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. రంగులు, గీతలు, వాటి మధ్య తగువు, అంతే. ఆమె ఊపుకి ఎవరి మొహమూ అంటుకుని రాదు. శుద్ధమైన సరుకు అని కంపెనీవాళ్ళు మురిసిపోయారు.

అందులోనూ వాళ్ళకు కావాల్సింది తగువు ముక్క మాత్రమే. తెల్లటి బట్ట ముందు నిలబడితే పైడమ్మకి మొదట భయం. ఏదో ఒక గీత తప్పు పడుతుంది, దాన్ని దిద్దబోతే ఇంకోటి తప్పుతుంది, అలా తగువులోకి దిగిపోయి ఒళ్ళు మరిచిపోతుంది. ముల్లు నిటారుగా లేచేది అప్పుడే. ఆ వేడి చల్లారాక వచ్చేది అనుమానం. బొమ్మ బతికిందా చచ్చిందా తెలియని ఒక ఖాళీ. ఆ ఖాళీ దాటితే తప్ప ఏ బొమ్మా బొమ్మ కాదు. కానీ అనుమానం షెడ్డులోకి పోతే కత్తులు నెమ్మదిస్తాయి. అందుకని ముల్లు కిందికి చూడగానే కాన్వాసు లాగేస్తారు. ఈ పనిలో చేరాక ఆమె ఒక్క బొమ్మ పూర్తిచేసి ఎరగదు. గోదాము నిండా సగం బొమ్మలే.

ఆమె అలసిపోయింది. పడుకుంటే పోయే అలసట కాదది. అన్నం కలుపుతుంటే విస్తరి లాగేసినట్టు, రోజూ, పూటపూటా.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అప్ప నూకాలు గడపలో కూర్చుని ఉంది. నూకాలుది రొయ్యల షెడ్డులోనే పని. అప్పాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

"ఒలే పైడీ, మజ్జాన్నం నీకు ఎవుడి మీద కోపం వొచ్చినాదే?"

"నీకెలా తెలిసినాది?"

"తెలీదేటి? నీ కోపం నా సేతుల్లోకి వొచ్చీసి రొయ్యలన్నీ నలిపీసినాను. సూపర్‌వైజరు కుక్కని తిట్టినట్టు తిట్టినాడు."

"సుక్క పెట్టబోతుంటే బొమ్మ లాగీసినారప్పా."

"సుక్కా! సుక్క కోసం నాను తిట్లు తిన్నానన్న మాట." నూకాలు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే టీ గ్లాసు ఎత్తబోయింది. గ్లాసు వేళ్ళలోంచి జారి గడప మీద పడి పగిలింది.

పైడమ్మ ఆ వేళ్ళు పట్టుకుని చూసింది. నానిపోయి, వాచిపోయి, కణుపుల దగ్గర నల్లబడ్డాయి. బొటనవేలు వంగడం లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఒలిస్తే రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుందని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆ మాట కూడా నూకాలు నవ్వుతూనే చెప్పింది.

"నొప్పి లేదేటప్పా?"

"నీ పున్నెమాని ఏటీ లేదు."

పైడమ్మకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. "ఆ పూస తీసీ," అంది.

తీయకూడదని రూలేం లేదు. షెడ్డు వదిలాక కూడా పూసలోంచి మిగులు ఊపు, నొప్పిని కప్పేస్తూ, సన్నగా కారుతూనే ఉంటుంది. తీసిన మరుక్షణం ఒళ్ళు బండరాయైపోతుంది. తీసినవాళ్ళు తమంతట తామే మళ్ళీ పెట్టుకుంటారు. కార్మిక సంఘాలవాళ్ళు గేటు బయట ఏళ్ళ తరబడి గొంతులు చించుకున్నారు. లోపలి ఊపు ముందు ఏ నినాదం నిలుస్తుంది?

"తీసి ఏటి సేత్తానే?" అంది నూకాలు. "ఇది ఉంటే రోజంతా నువ్వు నా పక్కన కూకున్నట్టుంటాది." మళ్ళీ తనే అంది: "సిన్నప్పుడు పడవలకేసిన రంగు డబ్బా అడుగున మిగిలితే గోడకి పూసీదానివి, గేపకం ఉన్నాదా? ఆకర్న ఎనక్కి వొచ్చి, నడుం మీద సేతులెట్టుకుని, అయిపోనాది అనీదానివి. అప్పుడు నీ మొగం సూస్తే నాకే కడుపు నిండిపోయీది. అది ఒక్క రోజు కూడా నా పూసలోకి రాలేదేటే?"

పైడమ్మ గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆమె తన అలసటను దాచలేదు. మిగతా రోజుల్లో అయితే వేడెక్కడానికి ఎరుపుతో మొదలుపెట్టేది, గబగబా గీసేది, తనను తానే రెచ్చగొట్టుకునేది. ఇవాళ బూడిదరంగు తీసుకుంది. చెయ్యి ఎంత నెమ్మదిగా కదలాలనుకుంటే అంత నెమ్మదిగా కదలనిచ్చింది. గీత తప్పింది. దిద్దలేదు. తప్పు పక్కనే ఇంకో గీత గీసి దానికి తోడు పెట్టింది.

"ముల్లు లేవనే లేదమ్మా," అన్నాడు తాతారావు. "నిల్వ ఉంచిన పాత ఊపు పంపుతున్నాను. పైనుంచి ఒకటే తిట్లు."

"ఒంట్లో బాలేదు తాతారావు గారూ. మెల్లిగా లేస్తాది."

లేచింది లేదు కాబట్టి దిగేదీ లేదు. దిగితేనే కదా లాగేది. కాన్వాసు తీసుకుపోయే ఇద్దరూ గోడకి ఆనుకుని ఆవులిస్తున్నారు. ఖాళీ వచ్చింది. పైడమ్మ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఈ బొమ్మ నాదేనా, నాకు బొమ్మ వెయ్యడం ఇంకా వచ్చా అని అడిగితే లోపలినుంచి జవాబు రాలేదు. జవాబు రాకపోయినా కూర్చుంది. తర్వాత లేచి, ఎర్రరంగులో కుంచె ముంచి, నిన్న పడనివ్వని చుక్కను ఎడమ పక్కన పెట్టింది. వెనక్కి నడిచింది. చేతులు నడుం మీదికి వాటంతట అవే పోయాయి.

"అయిపోనాది," అంది.

ముల్లు ఎప్పుడూ పోనంత పైకి పోయింది. పోయి, వణకకుండా నిలబడింది. తాతారావు కుర్చీలోంచి లేచాడు. "ఇంత శుద్ధమైన ఊపు నా సర్వీసులో చూడలేదమ్మా!" అంటూ నిల్వ ఆపేసి తాజాది వదిలాడు.

సంతృప్తి కూడా సంతోషమేనని యంత్రానికి నేర్పారు. 'చాలు' అన్న మాట 'ఇంకా' అన్న మాటకి శత్రువని మాత్రం ఎవరూ నేర్పలేదు.

తీరం పొడుగునా షెడ్లలో కత్తులు కిందికి దిగాయి. ఎవరూ కేక వెయ్యలేదు, జెండా పట్టలేదు. తమ ముందున్న రొయ్యల గుట్ట వంక చూసి, ఆ పని అయిపోయిందనుకున్నారు. చేతులు కడుక్కుని, కొంగులతో తుడుచుకుని, కుళాయిల దగ్గర నిలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సూపర్‌వైజర్లు పరుగులు పెట్టి మళ్ళీ నిల్వ ఊపు వదిలించారు. అప్పటికే పూసలు రొయ్య పొట్టుతో పాటు కాలువలో పోతున్నాయి. పని అయిపోయాక పూస ఎందుకని తీసేశారు మరి.

అప్పుడు వచ్చింది నొప్పి. ఏళ్ళ తరబడి రావాల్సినదంతా ఒక్కసారే వచ్చింది. ఆ కుళాయిల దగ్గరే కూలబడిపోయారు. ఎవరి చేతులు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఇవి ఎవరివి అన్నట్టు చూసుకుంటూ ఏడ్చారు. ఆ ఏడుపులో ఎవరి ఏడుపు వాళ్ళదే.

నూకాలు షెడ్డు నుంచి తిన్నగా పైడమ్మ బొమ్మలేసే గదికి వచ్చింది. గుమ్మంలో ఎవరూ ఆపలేదు, అందరూ ఫోన్లలో ఉన్నారు. చేతులు గాల్లో ఎత్తి పట్టుకుని, బొమ్మ ముందు నిలబడింది.

"ఇదేనేటే?"

"ఇదే."

"ఏటున్నాది ఇందులో?"

"ఏటీ లేదు."

నూకాలు చాలాసేపు చూసింది. నేల మీద చతికిలబడింది. "నొప్పెడతందే పైడీ," అంది, చిన్నపిల్లలా. "ఓలమ్మో, ఎంత నొప్పే."

కుంచెలు కడిగే బేసిను పైడమ్మ శుభ్రంగా తోమింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి, అప్ప చేతులు అందులో పెట్టి, కింద తన చేతులు ఆనించి పట్టుకుంది.

తాతారావు కొత్త కాన్వాసు మోసుకుంటూ వచ్చాడు. అతని మొహంలో నెత్తురు లేదు. "పైనుంచి ఆర్డరమ్మా. మళ్ళీ మొదలెట్టమంటున్నారు. చివరి దాకా పోవద్దంటున్నారు, మధ్య వరకే. లేకపోతే రేపట్నుంచి వేరేవాళ్ళని పెడతారట."

"చేతులు కాళీ లేవు తాతారావు గారూ," అంది పైడమ్మ, తల ఎత్తకుండా.

అతను కాన్వాసును గోడవైపు తిప్పి ఆనించాడు.

"నీళ్ళు సల్లారిపోతన్నాయే," అంది నూకాలు.

తాతారావు గిన్నె తీసుకుని మూలనున్న టీ స్టవ్ వైపు వెళ్ళాడు.